గెరిల్లా మార్కెటింగ్ అంటే ఖర్చే లేని ప్రచారమా?

కాదు. భారీ యాడ్ బడ్జెట్ బదులు, జనం ఊహించని చోట ఒక కొత్త ఆలోచనతో వాళ్ల కంట పడడమే గెరిల్లా మార్కెటింగ్. రోజూ చూసే హోర్డింగ్‌ను కళ్లు దాటేస్తాయి. అనుకోని చోట కనిపించింది మాత్రం గుర్తుండిపోతుంది, చూసినవాళ్లే నలుగురికీ చెబుతారు.

2013 అలహాబాద్ కుంభమేళాలో లైఫ్‌బాయ్ చేసింది చూడండి. దాబాల్లో రొట్టెల మీద "లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?" అని హిందీలో ముద్ర వేయించింది. సిరా లేదు, వేడికే అక్షరాలు పడ్డాయి. సరిగ్గా తినబోయే ముందు, చేతిలోనే ఆ ప్రశ్న! సబ్బు గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు.

అనుమతి లేకుండా గోడల నిండా పోస్టర్లు అంటించడమే గెరిల్లా అని చాలామంది అనుకుంటారు. ఆ పేరు చిన్న దళాల మెరుపుదాడి నుంచి వచ్చింది. పోలిక ఎత్తుగడతోనే, చట్టం మీరడంతో కాదు.