వర్చువల్ అసిస్టెంట్ పని వెతుక్కుంటున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. వర్చువల్ అసిస్టెంట్ పని, అంటే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో ఒకరి మెయిళ్ళు, మీటింగులు, జాబితాలు చూసిపెట్టే పని కావాలంటున్నావు. అనుభవం లేదు, ఎక్కడ అప్లై చేసినా ఉలుకూ పలుకూ లేదు, ఏదైనా కోర్సు చేస్తే నయమా అని అడిగావు. ముందు ఆ కోర్సు సంగతి తేల్చేస్తాను. డబ్బు పోసి కొనకు. ఈ పనికి లైసెన్సు లేదు, సర్టిఫికెట్ చూపించమని అడిగిన క్లయింటు నాకింతవరకూ తగల్లేదు. గూగుల్ షీట్స్, క్యాలెండర్, పనుల జాబితాకు ట్రెల్లో, డిజైన్లకు కాన్వా మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. వాటిలో చెయ్యి తిరిగేలా కూర్చోవడమే ఇక్కడి చదువు.

చాలా ఏళ్ళు ఈ పని చేసి, ఇప్పుడు మనుషుల్ని తీసుకునే వైపు కూర్చున్నాను కాబట్టి అవతలివాళ్ళు ఏం చూస్తారో చెప్పగలను. అసిస్టెంటు కోసం వెతికే మనిషి అప్పటికే పనిలో పీకల దాకా మునిగి ఉంటాడు. ఒక పని నీకు అప్పగించాక దాన్ని తాను మర్చిపోగలగాలి, ఆయన డబ్బిచ్చేది అందుకే. 'అదేమైంది?' అని ఆయనే అడగాల్సి వచ్చిందంటే ఆ బరువు ఇంకా ఆయన నెత్తినే ఉన్నట్టు. ఇలా నమ్మకంగా పని చేస్తావని చూపించడానికి అనుభవం ఉండాల్సిన పని లేదు. నీ మొదటి దరఖాస్తులోనే చూపించొచ్చు.

అసిస్టెంటు కావాలని వేసే ప్రకటన చివర, మనం పంపే ప్రపోజల్ (దరఖాస్తు ఉత్తరం) కోసం చాలామంది ఒక మెలిక పెడతారు. 'ప్రపోజల్ మొదటి మాటగా నీలం అని రాయండి' అనో, 'మీరు ఏ టైమ్ జోన్లో ఉంటారో చెప్పండి' అనో. చివరిదాకా చదివారా లేదా చూడ్డానికే అది. నేనూ పెడతాను. ఆ మాట లేని ప్రపోజళ్ళు, రాసినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా, పక్కకు పోతాయి. నువ్వు రోజుకు ఇరవై చోట్ల ఒకే ప్రపోజల్ అంటించి వస్తున్నావని నా అనుమానం. అది మానెయ్. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చిన దగ్గర్నుంచీ ప్రపోజళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. 'నేను కష్టపడే స్వభావం గలదాన్ని, వివరాల పట్ల శ్రద్ధ వహిస్తాను' అనే వాక్యం కంటపడగానే మిగతాది చదవబుద్ధి కాదు.

పాడ్‌కాస్ట్ నడిపే ఒకాయన, అతిథుల షెడ్యూలు చూసుకునే మనిషి కావాలని ప్రకటన వేశాడనుకో. ఇలా రాయి: 'మీ అతిథులు మూడు టైమ్ జోన్లలో ఉన్నారని రాశారు. ఒక్కొక్కరికీ వాళ్ళ ఊరి సమయంతో మూడు స్లాట్లు పంపుతాను. ఒకటి ఖాయమయ్యాక క్యాలెండర్ ఇన్వైట్ పెట్టి, ముందురోజు గుర్తు చేస్తాను. అలాంటి షెడ్యూలు నమూనా ఈ లింకులో ఉంది. రికార్డింగ్ లింకు మీరు పంపుతారా, నేనే పంపాలా?' అంతే, ఐదు వాక్యాలు. చివర ఆ ప్రశ్న ఉంది చూడు, పనిలోకి అప్పుడే దిగిపోయిన మనిషే అలా అడగగలదు. నేనైతే అలాంటివాళ్ళకు ఆ రోజే జవాబిస్తాను.

మరి ఆ నమూనా ఎక్కడిది అంటావా, నువ్వే తయారు చెయ్యాలి. నిజం క్లయింటు లేకపోతే ఒక చిన్న వ్యాపారాన్ని ఊహించుకుని చెయ్యి, ఊహించుకున్నదే అని పైన రాసిపెట్టు. మూడు చాలు. ఒకటి, ఇన్‌బాక్స్: ఏ మెయిల్‌కు ఏ లేబుల్, ఏవి నువ్వే జవాబివ్వొచ్చు, ఏవి క్లయింటు చూడాలి, తరచుగా వచ్చే ప్రశ్నలకు సిద్ధం జవాబులు. రెండోది, గందరగోళంగా ఉన్న ఒక కస్టమర్ల జాబితాను శుభ్రం చేసిన షీటు. ఇందులో రెండు చోట్ల కొత్తవాళ్ళు దొరికిపోతారు. ఫోన్ నంబరు ముందున్న సున్నాను షీటు మింగేస్తుంది, ఆ కాలమ్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తేదీలు ఇంకో తలనొప్పి. 03/04 అంటే అమెరికావాళ్ళకు మార్చి 4, బ్రిటన్ వాళ్ళకు ఏప్రిల్ 3. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకో.

మూడోది మీటింగుల షెడ్యూలు. దీనిమీద కాస్త ఎక్కువ సేపు కూర్చో, అసిస్టెంటు పరువు పోయేదీ నిలిచేదీ ఇక్కడే. న్యూయార్క్‌కీ లండన్‌కీ ఐదు గంటల తేడా అని అందరికీ తెలుసు. కానీ అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్యలో రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. మళ్ళీ అక్టోబరు చివరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఒక వారం అదే కథ. నెలకోసారి జరిగే మీటింగు సరిగ్గా ఆ వారాల్లో పడితే ఎవరో ఒకరు గంట ముందు వచ్చి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. మార్చిలో ఆ మధ్య రోజులకే ఒక నమూనా షెడ్యూలు చేసి, పక్కన తేడా ఎందుకు మారిందో ఒక ముక్క రాయి. ఈస్టర్న్ టైమ్, పసిఫిక్ టైమ్‌లను ఈటీ, పీటీ అని పొట్టి అక్షరాలతో సరిపెట్టకుండా ఊరి పేరు రాస్తే గొడవ ఉండదు. చూసినవాళ్ళకు ఇక నీ అనుభవం ఎన్నేళ్ళో అడగాలనిపించదు.

ఎక్కడ వెతకాలి? ఇలాంటి పనులు దొరికే సైట్లలో అప్‌వర్క్, ఫైవర్ నీకు తెలిసినవే.  అప్‌వర్క్‌లో దరఖాస్తు పెట్టాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి కాబట్టి క్లయింటు పేమెంటు వెరిఫై అయిందా, ఇంతకుముందు ఎవరినైనా తీసుకున్నాడా చూశాకే పెట్టు. ఫైవర్ నీ సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది, రేటు పెట్టేటప్పుడే అది లెక్కలో వేసుకో. ఆన్‌లైన్‌జాబ్స్ డాట్ పీహెచ్ అని ఇంకోటి కనిపిస్తుంది, అది ఫిలిప్పీన్స్ వాళ్ళ కోసం, దానిమీద టైమ్ పెట్టకు. వీటన్నిటికన్నా ముందు నిన్ను ఎరిగినవాళ్ళను అడుగు. సొంతంగా ఏదో ఒకటి నడుపుకుంటూ మెయిళ్ళకు జవాబివ్వలేక సతమతమయ్యే మనిషి తెలిసినవాళ్ళలోనే ఉంటారు. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడకు.

ఉచితంగా మాత్రం చెయ్యకు. గంటా రెండు గంటల ట్రయల్ పనికి తక్కువైనా సరే, డబ్బు తీసుకునే చెయ్యి. 'ముందు ఒక వారం చేసి చూపించండి, నచ్చితే చూద్దాం' అనేవాళ్ళకు అసిస్టెంటు అక్కర్లేదు, వారం పాటు పని జరిగిపోతే చాలు.

మోసాల గురించి నువ్వు అడగలేదు గానీ, కొత్తవాళ్ళే మోసగాళ్ళకు మేత. రిజిస్ట్రేషన్ ఫీజనో, ట్రైనింగ్ కిట్ అనో ముందుగా డబ్బు అడిగితే అది పని కాదు. 'లాప్‌టాప్ కొనుక్కోండి' అని చెక్కు పంపి, మిగిలింది ఫలానావారికి పంపమంటారు. చెక్కు ఖాతాలో పడినట్టే కనిపిస్తుంది, కొన్నాళ్ళకు బౌన్స్ అవుతుంది, నువ్వు పంపింది మాత్రం తిరిగి రాదు. ఇంటర్వ్యూ మొత్తం టెలిగ్రామ్ చాట్‌లోనే కానిచ్చి పది నిమిషాల్లో ఉద్యోగం ఖాయం అనేవాళ్ళు, నీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దాటిస్తామనేవాళ్ళు, నీ ఫ్రీలాన్స్ అకౌంటు అద్దెకు ఇమ్మనేవాళ్ళు, అందరూ ఒకే తానులో ముక్కలు. గంటల లెక్క కాకుండా మొత్తం పనికి ఒక ధర అనుకున్న ఫిక్స్‌డ్ ప్రైస్ పనైతే, మైల్‌స్టోన్ (ఆ విడత పని) డబ్బు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా సైటు పట్టి ఉంచే ఖాతాలో పడిందని కళ్ళతో చూశాకే మొదలుపెట్టు.

పని దొరికాక మొదటి వారం సంగతి క్లుప్తంగా చెబుతాను. క్లయింటు చాట్‌లో పాస్‌వర్డ్ పంపబోతే వద్దను. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే నిన్ను డెలిగేట్‌గా, అంటే తన మెయిల్ చూసే ప్రతినిధిగా పెట్టుకునే వీలుంది, మిగతావాటికి పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచి పంచుకునే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడొచ్చు. ఇది నువ్వే సూచిస్తే నీ విలువ పెరుగుతుంది. అప్‌వర్క్‌లో గంటల లెక్కన చేసే పనిలో సమయం లెక్కపెట్టే ట్రాకర్ పది నిమిషాలకో స్క్రీన్‌షాట్ తీస్తుంది, పక్కన నీ బ్యాంకు పేజీ తెరిచి ఉంచకు. చాలామందికి ఒకేసారి మెయిల్ పంపేటప్పుడు అడ్రసులు బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించని చోట) పెట్టావో లేదో రెండుసార్లు చూసుకో. రోజు చివర మూడు ముక్కలు రాసి పంపు: ఏది అయింది, ఏది ఆగింది, దేనికి ఆయన మాట కావాలి. ఆయన అడగకముందే పంపాలి సుమా. గడువుకు అందదనిపిస్తే గడువు రోజున కాదు, ముందురోజే చెప్పు.

వచ్చే ఆదివారంలోగా ఆ షీటు నమూనా పూర్తి చేసి లింకు పెట్టు, తప్పులు ఏరిపెడతాను. లింకు ఎవరు తెరిచినా కనిపించేలా పెట్టావో లేదో ముందు ఇంకో అకౌంటులోంచి తెరిచి చూసుకో.

నీ పిన్ని