క్రిస్టల్ గ్లాసు స్ఫటికమా, గాజా?

సందేహం: క్రిస్టల్ వైన్ గ్లాసును ఎలా రూపొందించి తయారుచేస్తారో చెప్పే వ్యాసాన్ని తెలుగులో రాస్తున్నాను సార్. నేను ‘క్రిస్టల్ గ్లాసు’ అని రాస్తే మా సంపాదకులు ‘స్ఫటిక చషకం’ అని దిద్దారు. ‘గాజు గ్లాసు’ అన్నచోట చెప్పిందే చెప్పడం అవుతుందని ‘గాజు’ కొట్టేశారు. గిన్నెకు, అడుగుకు మధ్య సన్నగా ఉండే భాగాన్ని నేను ‘కాడ’ అంటే ఆయన ‘తొడిమ’ అన్నారు. ఏవి సరైనవి? మా నానమ్మ ‘గిలాస’ అంటది, అది తప్పా? వేడి గాజును నెమ్మదిగా చల్లార్చే ‘ఎనీలింగ్‌’కు తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అమ్మా, మూడు చోట్లా మీరు రాసిందే సరైనది. ఆ దిద్దుబాట్లు వెనక్కి తీసుకొమ్మని మీ సంపాదకులకు నా మాటగా చెప్పండి.

ముందు స్ఫటికం సంగతి. స్ఫటికమంటే భూమిలో పుట్టిన రాయి. పలుగురాయిలో తేటగా ఉండే రకం. దాని లోపల అణువులు సాళ్లు పట్టి నాటిన వరిలా వరుస తప్పకుండా ఉంటాయి. గాజులో ఆ వరుస లేదు. కరిగిన ఇసుక, వరుస కుదిరే లోపే గట్టిపడితే అది గాజు. అమ్మ వాడిన స్ఫటిక మాల ఇప్పటికీ నా దగ్గరుంది. ఎండాకాలం మధ్యాహ్నం చెంపకు ఆనించినా చల్లగా తగులుతుంది, ఎందుకంటే స్ఫటికం ఒంటి వేడిని త్వరగా లాగేసుకుంటుంది. అంతే లావు గాజు పూసలు ఆనిస్తే అంత చల్లదనం తెలియదు. రెండూ కంటికి ఒకటే, వస్తువులు మాత్రం వేరు.

మరి గాజుకు క్రిస్టల్ అనే పేరెలా వచ్చింది? పోలికతో వచ్చింది. వెనిస్ పక్కనున్న మురానో దీవి పనివాళ్లు 15వ శతాబ్దంలో రంగు ఛాయ లేని గాజు తీశారు. రాతి స్ఫటికంలా తేటగా ఉందని దాన్ని ‘క్రిస్టాల్లో’ అన్నారు. 1674లో ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ కొత్తరకం తేట గాజుకు పేటెంట్ తీసుకున్నాడు. అందులో సీసపు ఆక్సైడ్ కలపడంతో అది నిలదొక్కుకుంది. సీసం కలిసిన గాజు చేతికి బరువుగా ఉంటుంది, వెలుగును ఎక్కువగా వంచి తళుక్కుమంటుంది, సాన పట్టి చెక్కడానికి లొంగుతుంది. సీసపు ఆక్సైడ్ కనీసం 24 శాతం ఉంటేనే ‘లెడ్ క్రిస్టల్’ అనాలని యూరప్‌లో 1969లో నిబంధన పెట్టారు. ఇప్పుడు చాలామంది సీసం మానేసి బేరియం, జింకు ఆక్సైడ్లు వాడుతున్నారు. కాబట్టి క్రిస్టల్ అనేది ఒక రకం గాజుకు పేరు. ‘క్రిస్టల్ గాజు’ అంటే చాలు. స్ఫటికం అనగానే లేని రాయిని ఉందని చెప్పినట్టవుతుంది. స్ఫటికానికి వికృతి పటికం. పటిక, పటికబెల్లం ఆ కుటుంబపు మాటలే. చూడండి, రాతి స్ఫటికంలోలాంటి అణువుల వరుస పటికబెల్లంలో నిజంగానే ఉంటుంది, క్రిస్టల్ గ్లాసులో ఉండదు!

చషకం, అంటే తాగే పాత్ర, మంచి మాట, కావ్యాల్లో ఎంతో అందంగా ఉంటుంది. కానీ ‘చషకపు అంచును మంటకు చూపి నునుపు చేస్తారు’ అని రాస్తే చదివేవాళ్లు అంచు దాకా రారు, చషకం దగ్గరే ఆగిపోతారు.

‘గాజు గ్లాసు’లో చెప్పిందే చెప్పడం లేదు. గ్లాసు అనే మాట ఇంగ్లీషులో మొదట పదార్థానికి పేరు, మనకు పాత్ర ఆకారానికి పేరు. అందుకే స్టీలు గ్లాసు, రాగి గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు అంటున్నాం. ఇలా జరగడం కొత్త కాదు. గాజు అనే మాటనే తీసుకోండి. అది కూడా పదార్థం పేరుగా ఉంటూనే చేతికి వేసుకునే నగ పేరైంది. బంగారంతో చేసినా ‘బంగారు గాజులు’ అంటాం. అసలు గాజుతో చేసినవాటినేమో ‘మట్టి గాజులు’ అంటాం. ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ‘బంగారు గాజులు’ తప్పు కానప్పుడు ‘గాజు గ్లాసు’ ఎలా తప్పవుతుంది?

మీ నానమ్మ మాట తప్పు కాదు. ఉర్దూలో ‘గిలాస్’, మన దగ్గర దానికి అచ్చు చేరి ‘గిలాస’ అయింది. వ్యాసంలో గ్లాసు అని రాయండి, ఇంట్లో గిలాస అనండి.

ఇక కాడ. తొడిమ అంటే కాయను కొమ్మకు పట్టి ఉంచే పొట్టి ముక్క. వంకాయకు తొడిమ ఉంటుంది. కాడ పొడుగ్గా, సన్నగా సాగుతుంది, తామర పువ్వు నిలబడేది దాని మీదే. వైన్ గ్లాసు కాడను పనిమంతుడు చేసే తీరు చూస్తే ఈ మాట ఇంకా అతుకుతుంది. ఇనుప గొట్టం కొసకు కరిగిన గాజు ముద్ద తీసుకుని, తడిపిన చెక్క అచ్చులో ఊది గిన్నె చేస్తాడు. తర్వాత గిన్నె అడుగు నుంచే, లేదా అక్కడ అతికించిన చిన్న ముద్ద నుంచి, మెత్తగా ఉండగానే కిందికి లాగుతాడు. లాగేకొద్దీ సన్నబడుతూ కాడ సాగుతుంది. దాని కొసకు ఇంకో ముద్ద పెట్టి పళ్లెంలా పరిస్తే అడుగు. గిన్నె, కాడ, అడుగు, అంచు – ఈ నాలుగు మాటలతో మీ వ్యాసం నడిచిపోతుంది. గ్లాసును కాడ దగ్గర పట్టుకుంటే అరచేతి వేడి వైన్‌కు తగలదు, అందుకే దానికంత పొడుగు.

గ్లాసును వేలితో మీటితే వచ్చే చప్పుడుకు ‘ధ్వనిస్తుంది’ అని రాయకండి. హన్మకొండలో ఎండాకాలం రంజన్ (మంచినీళ్ల మట్టికుండ) కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా. ఖంగుమంటే తీసుకుంటాం, మొద్దుగా పలికితే పగులుందని పక్కన పెడతాం. మంచి క్రిస్టల్ కూడా ఖంగుమంటుంది, పైగా ఆ మోత చాలాసేపు సాగుతుంది.

ఎనీలింగ్‌కు మీరు కొత్త మాట పుట్టించక్కర్లేదు. వేడి గ్లాసును ఒక్కసారిగా బయట పెడితే పైభాగం ముందు చల్లారుతుంది, లోపలిది వేడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు గాజు చిట్లుతుంది. అందుకని వేడిని కొద్దికొద్దిగా తగ్గించే బట్టీలో ఉంచుతారు. కుమ్మరి కూడా ఆవం ఆరిన వెంటనే కుండలు తీయడు, దానంతటది చల్లబడేదాకా ఆగుతాడు. మొదటిసారి వచ్చినచోట ‘ఆవంలో కుండల్లా నిదానంగా చల్లారనివ్వడం’ అని విడమర్చి రాయండి. ఆ తర్వాత ‘నిదానపు చల్లార్పు’ అంటే అందరికీ అర్థమవుతుంది.