లారీ తలుపు మూయకముందే తేల్చుకోవాల్సినవి

దూరంగా ఉన్న ఊరికి ఇల్లు మారుతున్నాం, ప్యాకర్స్ అండ్ మూవర్స్ గురించి ఎవరినడిగినా తిట్లే వినిపిస్తున్నాయి, నిజంగానే అంత ఘోరంగా ఉంటుందా, వచ్చిన కొటేషన్లలో ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ ఉంది, దానికి వెళ్లొచ్చా అని అడిగారు కదా. ఆ తక్కువదానికి మాత్రం వెళ్లకండి. మేం మాట్లాడుకున్నది చవకది కూడా కాదు, మధ్యస్తంగా ఉన్నదే, ఇంటికొచ్చి సామాను చూసి మరీ రేటు చెప్పారు. అయినా మాకు చుక్కలు చూపించారు.

ఈ రంగంలో అందరూ మోసగాళ్లని నేను అనను. కానీ పని నడిచే పద్ధతే ఎలా ఉంటుందంటే, ఫోన్‌లో తియ్యగా మాట్లాడి అడ్వాన్స్ తీసుకునేది ఒకరు, ఇంటికొచ్చి ప్యాక్ చేసేది ఇంకొకరు, లారీ మరొకరిది, అవతలి ఊళ్లో దించేవాళ్లు పూర్తిగా వేరేవాళ్లు. చాలా కంపెనీలకు సొంత లారీ ఒక్కటీ ఉండదు. బుకింగ్ పట్టి, కమిషన్ ఉంచుకుని, లోడును ఎవరికో అప్పగించే బ్రోకర్లు వాళ్లు. బ్రోకరు మీకు మాటిచ్చిన రేటు ఒకటి, లారీ యజమానికి ఒప్పుకున్నది ఇంకొకటి, ఆ రెండిటికీ పొంతన కుదరకపోతే తేడా ఎవరి దగ్గర పిండుతారో వేరే చెప్పక్కర్లేదు. అందుకే బుక్ చేసేముందే సూటిగా అడగండి, లారీ మీదేనా, ప్యాకింగ్ మనుషులు మీవాళ్లేనా, దారిలో ఏదైనా పాడైతే రాతపూర్వకంగా బాధ్యత తీసుకునే కంపెనీ పేరేంటి అని. ఈ మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి.

మా విషయానికొస్తే, సామాను ఎక్కించే రోజు పెద్ద ఇబ్బందేమీ రాలేదు. ఆలస్యంగా వచ్చారు, అట్టపెట్టెలు చాలక మధ్యలో ఆగారు, అదొక్కటే. లారీ బయల్దేరి వెళ్లాకే కథ మారింది. అప్పటిదాకా గంటకోసారి ఫోన్ చేసి "సార్, అంతా ఓకేనా" అని అడిగిన మనిషి ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సామాను చేరాల్సిన తేదీ దాటిపోయింది. చివరికి ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది, లారీ ఊరి బయట ఉంది, మీ సామాను చెప్పినదానికంటే ఎక్కువైంది, వాల్యూమ్ పెరిగింది, తేడా డబ్బు పంపితేనే బండి లోపలికొస్తుంది, లేదంటే గోడౌన్‌లో పెట్టి రోజుకింత అద్దె వేస్తాం అని. ఇంట్లో నేల మీద దుప్పట్లు పరుచుకుని పడుకుంటున్నాం, పిల్లల బడి పుస్తకాలు, మా అమ్మ నడుము పట్టీ, అన్నీ ఆ లారీలోనే. ఆ టెన్షన్‌లో ఎవరైనా అడిగినంత ఇచ్చేస్తారు. వాళ్ల ధీమా కూడా అదే.

ఈ వాల్యూమ్ లెక్క ఎలా సాగదీస్తారో మీకు ముందే తెలిసి ఉండాలి. 18 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న అట్టపెట్టె 4.5 ఘనపుటడుగులు. ఒక ఘనపు మీటరంటే సుమారు 35.3 ఘనపుటడుగులు, అంటే అలాంటివి దాదాపు ఎనిమిది పెట్టెలు. సగం నింపిన పెట్టెలు, వదులుగా పేర్చిన సామాను, కాళ్లు విప్పకుండా ఎక్కించిన డైనింగ్ టేబుల్, ఇవన్నీ లారీలో చోటు తినేస్తాయి, తిన్న చోటంతా మీ ఖాతాలోనే పడుతుంది. అంటే వాళ్లు అడ్డదిడ్డంగా పేర్చిన పాపానికి మీరు డబ్బు కట్టాలి. బరువు లెక్క దీనికంటే మెరుగు, ఎందుకంటే ఖాళీ లారీని ఒకసారి, లోడైన లారీని ఒకసారి కాటా వేయించి, ఆ రెండింటి తేడా తీస్తారు, రెండు స్లిప్పులూ మీ చేతిలో ఉంటాయి. అక్కడా కిటుకులున్నాయి. మొదటిసారి డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉంచి, రెండోసారి నింపుకొచ్చి నలుగురు మనుషుల్ని ఎక్కించి తూకం వేస్తే సరి, 200 లీటర్ల డీజిలే దాదాపు 165 కిలోలు. అవకాశముంటే రెండు తూకాల దగ్గరా మీ మనిషి ఉండేలా చూసుకోండి, స్లిప్పు మీద లారీ నంబరు, తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఈ గొడవంతా లేకుండా, జాబితాలో ఉన్న సామానుకు ఇంత, ఒక్క రూపాయి పెరగదు, తగ్గదు అని రాసిచ్చే ఫిక్స్‌డ్ రేటు దొరికితే అంతకన్నా మంచిది లేదు. కొంచెం ఎక్కువైనా దానికే వెళ్లండి.

మేం గట్టెక్కింది మా ఆవిడ తీసిన వీడియో వల్ల. సర్వేకు మనిషి వచ్చినప్పుడు తను ఫోన్ పట్టుకుని అతని వెంటే తిరుగుతూ ప్రతి అలమరా తెరిచి, అటక మీదవి, మంచం కింద పెట్టెలు, బాల్కనీలో మొక్కలు, అన్నీ చూపిస్తూ తీసింది. అతను "ఇదంతా రాసుకున్నానమ్మా" అనడం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ కొత్త నంబరాయన్ని నేను ఒక్కటే అడిగాను, జాబితాలో లేని వస్తువు మీ లారీలో ఏది ఎక్కిందో పేరు చెప్పండి, దానికి కడతాను అని. ఒక్కటి కూడా చెప్పలేకపోయాడు. అరవలేదు, బెదిరించలేదు, అదే ప్రశ్న ఫోన్‌లోనూ మెసేజ్‌లోనూ ఈమెయిల్‌లోనూ అడుగుతూనే ఉన్నాను. అడిగిన మొత్తం సగానికి దిగింది, తర్వాత ఇంకా దిగింది. చివర్లో ఇచ్చిన కొంత కూడా "సామాను విడిపించుకోవడానికి అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, బ్యాంకు ద్వారానే పంపాను. ఈ ఒక్క వాక్యం రాయడం మర్చిపోవద్దు, ఇష్టపూర్వకంగా ఒప్పుకునే కట్టారని తర్వాత వాళ్లు అనలేరు. ఆ డబ్బు తిరిగి అడిగినప్పుడు మాకు ఇదే ఆధారమైంది, పూర్తిగా కాకపోయినా చాలావరకు వచ్చింది.

ఇక్కడ డ్రైవరు గురించి ఒక మాట చెప్పాలి. పాపం ఆయనకి ఇవేమీ తెలియవు, చేతిలో లోడ్ స్లిప్పు, ఆపమన్న చోట బండి ఆపడం, అంతే. ఊరి బయట తిండీ నిద్రా సరిగ్గా లేకుండా ఆయనా మాతోపాటే ఇరుక్కుపోయాడు. ఆయనతో మర్యాదగా మాట్లాడబట్టే అసలు లారీ యజమాని నంబరు దొరికింది, ఆ యజమాని జోక్యం చేసుకున్నాకే బండి కదిలింది. హమాలీల మీద, డ్రైవర్ల మీద అరిచి లాభం లేదు, వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు.

సామాను దిగాక ఇంకో విషయం బయటపడింది. బయల్దేరేటప్పుడు ప్రతి వస్తువుకీ నంబరున్న తెల్ల స్టిక్కరు అంటించారు. దించాక టేబుల్ తిరగేసి చూస్తే అడుగున మా తెల్ల స్టిక్కరు మీదే పసుపుది ఇంకొకటి, వేరే నంబరుతో. అంటే మా సామానును దారిలో ఎక్కడో గోడౌన్‌లో దించి, నలుగురైదుగురి సామానుతో కలిపి ఇంకో లారీలో ఎక్కించారన్నమాట. మాకు చెప్పింది మాత్రం "మీ బండి మీకే, డైరెక్టుగా వస్తుంది" అని. ఇలా కొందరి సామాను కలిపి ఒకే లారీలో పంపే పార్ట్ లోడ్ తప్పేమీ కాదు, దూరం ఎక్కువై సామాను తక్కువైతే అదే చవక, కానీ ఆ సంగతి ముందే చెప్పాలి, రేటు కూడా దాని ప్రకారమే ఉండాలి. దించి ఎక్కించిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుంది, ఏదో ఒకటి వేరేవాళ్ల కుప్పలో కలిసిపోతుంది. మాకు బీరువా తలుపు సొట్టపోయి వచ్చింది, మంచం బోల్టులు వేసిన కవరు రానేలేదు, మా పెట్టెల్లో ఎవరివో చంటిపిల్లల బట్టలు వచ్చాయి. ఆ తల్లి వాటికోసం ఎక్కడ ఎంత వెతుక్కుందో అని మా ఆవిడ చాలా బాధపడింది, కంపెనీ వెంట పడి మరీ వాటిని వెనక్కి పంపించింది. బోల్టులు, నట్లు, గాజు అరల పిన్నులు ఏవైనా సరే కవర్లో వేసి, ఆ ఫర్నిచరుకే టేపుతో గట్టిగా అంటించమనండి, లేదా మీ చేతి సంచిలో వేసుకోండి.

ఎక్కించేటప్పుడు సూపర్‌వైజర్ రాసే జాబితాను తప్పకుండా చదవండి. మా దాంట్లో నిక్షేపంలా ఉన్న సోఫా పక్కన కూడా "గీతలు, మరకలు, పాతది" అని రాసేశాడు, అలా ప్రతి వస్తువుకీ రాసుకుంటూ పోయాడు. అలా రాసుకుంటే రేపు ఏది పాడైనా ముందు నుంచే అలా ఉందనొచ్చు. నేను ఒక్కొక్కటీ చూపించి కొట్టేయించాను, కొట్టేసిన చోట ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం. పెట్టెల దగ్గర "సామాన్లు" అని కాకుండా "వంటింటి స్టీలు గిన్నెలు", "మిక్సీ" అని రాయించండి. ఖాళీ కాగితం మీద, సగం నింపిన కాగితం మీద సంతకం అసలు వద్దు. దించాక "అన్నీ సరిగ్గా అందాయి" అన్న కాగితం మీద సంతకానికి తెగ తొందరపెడతారు, ఇంకో చోటికి వెళ్లాలి సార్ అంటారు. వెళ్లనివ్వండి, కానీ ముందు ఏ నంబరు వస్తువు రాలేదు, ఏది ఎలా పాడైంది అని అదే కాగితం మీద మీ చేత్తో రాసి, "పెట్టెలు ఇంకా తెరిచి చూడలేదు" అని కూడా చేర్చి, ఫోటో తీసుకున్నాకే సంతకం చేయండి.

ఇన్సూరెన్స్ మాట దగ్గర చాలామంది బోల్తా పడతారు. బిల్లులో ఇన్సూరెన్స్ అని ఒక పద్దు వేసి డబ్బు తీసుకున్నంత మాత్రాన పాలసీ ఉన్నట్టు కాదు. మీ పేరుతో, మీరు చెప్పిన సామాను విలువతో, బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం లారీ కదలకముందే మీ చేతికి రావాలి. రవాణా కంపెనీ ఊరికే ఇచ్చే పూచీకి పరిమితి ఉంటుంది, పాడైన వస్తువు విలువంతా దాని కింద రాకపోవచ్చు. ఇంకోటి, మీరే సర్దిన పెట్టెలో వస్తువు పగిలితే ప్యాకింగ్ సరిగ్గా లేదంటూ క్లెయిమ్ కొట్టేయడం మామూలే, కాబట్టి పగిలే వస్తువులు వాళ్లతోనే సర్దించండి.

నగలు, ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, మందులు, ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కులు, పాత ఫోటో ఆల్బమ్‌లు లారీ ఎక్కించొద్దు, వీటికి ఏ పరిహారమూ సరిపోదు. ముందువైపు తలుపున్న వాషింగ్ మెషీన్ అయితే కొన్నప్పుడు వెనక ఉన్న ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే కుదుపులకు డ్రమ్ము దెబ్బతింటుంది. ఫ్రిజ్ నిలువుగానే రావాలి, ఎవరైనా పడుకోబెట్టి తెచ్చినట్టు తెలిస్తే దించగానే ప్లగ్ పెట్టకుండా చాలాసేపు నిలబెట్టి ఉంచండి, కంప్రెసర్‌లోని ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి. స్కూటరో బైకో పంపిస్తుంటే అందులో పెట్రోలు తీసేయండి.

మీ చేతిలో ఉన్న ఆ తక్కువ కొటేషన్ వాళ్ల సంగతి. ఇంటికి రాకుండా, కనీసం వీడియో కాల్‌లోనైనా సామాను చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పారంటే అది రేటు కాదు, గాలం. ఎక్కువ అడ్వాన్స్, అది కూడా నగదు రూపంలోనో ఎవరో వ్యక్తి ఖాతాలోకో అడిగినా అంతే. కార్డు మీద కట్టగలిగితే మంచిది, మాటిచ్చిన పని చేయనప్పుడు బ్యాంకు దగ్గర ఆ చెల్లింపు మీద వివాదం వేసే వీలుంటుంది. ఒకే ఫోన్ నంబరుతో రెండు మూడు కంపెనీ పేర్లు కనిపిస్తున్నాయేమో వెతకండి, చెడ్డపేరు రాగానే బోర్డు మార్చి అదే పని చేసేవాళ్లు ఈ రంగంలో చాలామంది. ఫైవ్ స్టార్ రివ్యూలు కాదు, ఒకటి, రెండు స్టార్లవి చదవండి. ఏదో ఒకటి విరిగింది అన్న ఫిర్యాదు ఎవరికైనా వస్తుంది, దానికి భయపడక్కర్లేదు, సామాను ఆపి డబ్బు అడిగారు అన్నది రెండుసార్లు కనిపిస్తే ఆ కంపెనీ వద్దు.

లారీ బయల్దేరిన రోజే లారీ నంబరు, డ్రైవరు ఫోను, రవాణా రసీదు తీసుకోండి. చేరే తేదీ కొటేషన్‌లో ఫలానా రోజు నుంచి ఫలానా రోజు లోపు అని రాయించి, దాటితే రోజుకెంత తగ్గిస్తారో కూడా అందులోనే పెట్టించండి. ఆ ఆఖరి తేదీ ఇంకో వారం జరిగినా ఇల్లు నడిచేలా పరుపుచుట్టలు, రెండు గిన్నెలు, కొన్ని జతల బట్టలు మీతోనే పట్టుకెళ్లండి. అవసరంలో ఉన్నారని అవతలివాడికి తెలియనంతసేపే మీరు గట్టిగా మాట్లాడగలరు. సామాను వచ్చాక అలసటతో పెట్టెలు మూలన పడేసి నెల తర్వాత తీద్దామనుకోవద్దు, పాడైన వస్తువులకు ఫిర్యాదు చేయడానికి కంపెనీకీ బీమాకీ వేర్వేరు గడువులుంటాయి, కొన్నిటికి కొద్ది రోజులే. మూత తీసేముందు పెట్టె బయట ఎలా నలిగిందో ఒక ఫోటో, తీశాక లోపల ఒక ఫోటో తీసుకుని, పగిలిన ముక్కల్ని, ఆ అట్టపెట్టెని కూడా బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి చూసేదాకా పారేయకండి.