కలాథియా అంచులు మాడుతుంటే ముందు నీళ్లను అనుమానించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఫిబ్రవరిలో హనుమకొండలో కలాథియా, అంటే అందమైన ఆకుల కోసం ఇంట్లో పెంచే మొక్క, కొని హాల్లో పెట్టారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆకుల అంచులు గోధుమరంగులోకి మారి చుట్టుకుపోతున్నాయి. ఎండలకు దాహం వేస్తోందేమోనని పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు పోస్తున్నారు. ఇప్పుడు ఎరువు వేయాలా, మాడిన ఆకులు కత్తిరించాలా అని అడుగుతున్నారు.

ఎరువు వద్దు. నీళ్లు ఇవాళే ఆపండి. ఆకుల సంగతి తర్వాత చూద్దాం.

ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా కలాథియా పెంచుతున్నాను. వరంగల్ ఎండను అందరూ తిడతారు గానీ, ఈ మొక్కకు ఎండకన్నా పెద్ద శత్రువు బోరు నీళ్లే అని నా అభిప్రాయం. ఊరికే అనడం లేదు. ఒకే మొక్కను వేళ్లతో సహా రెండుగా విడదీసి, ఒక సగం నేను ఉంచుకుని, రెండో సగం మా పై అంతస్తులో ఉండే అక్కకు ఇచ్చాను. మట్టి నేను కలిపిందే, ఇద్దరివీ తూర్పు కిటికీలే. నేను వానాకాలంలో వాన నీళ్లు, మిగతా రోజుల్లో నల్లా నీళ్లు పోశాను. అక్క బోరు నీళ్లు పోశారు. ఎండాకాలం దాకా కూడా ఆగలేదు, సంక్రాంతి చలిలోనే ఆ మొక్క అంచులు కాలిపోయాయి. నాది బాగానే ఉంది.

కారణం కష్టమైనదేమీ కాదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మన ప్రాంతంలో చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. వేళ్లు పీల్చిన నీరు ఆకుల దాకా వెళ్లి ఆవిరైపోతుంది. దాని వెంట వచ్చిన లవణాలకు మాత్రం బయటికి దారి లేదు. అవి ఆకు కొసల్లో, అంచుల్లో పోగుపడతాయి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. మందారం ఇదే నీటితో నెట్టుకొస్తుంది. కలాథియా మాత్రం దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో పెద్ద చెట్ల నీడన వాన నీళ్లతో పెరిగే జాతి. ఫ్లోరైడ్ విషయంలో మరీ సున్నితం. బోరు నీళ్లను రాత్రంతా బకెట్లో ఉంచి పోస్తే చాలని కొందరు చెబుతారు. అలా ఉంచితే నల్లా నీళ్లలోని క్లోరిన్ తగ్గుతుంది. లవణాలూ ఫ్లోరైడూ ఎక్కడికీ పోవు.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి పరీక్ష చేయించనక్కర్లేదు. పోయిన వేసవిలో వాడిన కూలర్ గడ్డి బయటికి తీసి చూడండి. తెల్లగా గట్టిపడి ఉంటే అదే మీ మొక్క వేళ్ల దగ్గరా జరుగుతోంది. కుండీలో మట్టి మీద తెల్లటి పొర కనిపించినా అంతే.

ఇంకొక మాట. ఆర్వో యంత్రం వదిలే వృథా నీటిని మొక్కలకు పోయడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటు. నీటి పొదుపు మంచిదే. కానీ తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వృథా నీటిలోనే చేరతాయి. దానితో గచ్చు కడగండి, బండి కడగండి, కలాథియా దగ్గరికి మాత్రం తేకండి. దానికి మీరు తాగే నీళ్లే ఇవ్వండి, ఎంతో పట్టదు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలోనూ లవణాలు దాదాపు ఉండవు, అవీ వాడుకోవచ్చు.

ఇక రెండు పూటలా పోయడం గురించి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు, అందుకే తడి మట్టిలో ఉన్న మొక్క కూడా ఎండినట్టు ఆకులు చుడుతుంది. చూసినవాళ్లు ఇంకో చెంబు పోస్తారు. చాలా కలాథియాలు ఇలాగే పోతాయి. పోసే ముందు కాలిపోయిన అగరుబత్తి పుల్లను రెండంగుళాలు లోపలికి గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. పుల్ల పొడిగా వస్తే కింద రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి.

ఇప్పుడు మీరు చేయవలసింది, మొక్కను కుండీలోంచి మెల్లగా బయటికి తీసి చూడటం. వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటే తిరిగి పెట్టేయండి. మట్టి కాస్త ఆరాక, మంచి నీళ్లను కుండీ పరిమాణానికి రెండు మూడింతలు నెమ్మదిగా పోసి, పేరుకున్న లవణాలు కిందికి పోయేలా కడగండి. వేళ్లు గోధుమరంగులో మెత్తబడి వాసన వస్తుంటే ఆ భాగాలు కత్తిరించి కొత్త మట్టిలోకి మార్చక తప్పదు. కుళ్లు లేకపోతే ఈ ఎండల్లో మట్టి మార్చకండి, మృగశిర దాకా ఆగండి.

మన దగ్గర అమ్మే మొక్కలు చాలావరకు కడియం నుంచి వస్తాయి. గోదావరి పక్కన, షేడ్‌నెట్ కింద, తేమ గాలిలో పెరిగిన మొక్క అది. నేను కొన్నవాటికి వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్దగా ఉండేది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి తడి. వానలు మొదలయ్యాక ఆ ముద్దను వేళ్లు తెగకుండా కొంత విడదీసి, రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) లేదా గరుకు ఇసుక కలిపిన దానిలో పెట్టండి. కొబ్బరిపొట్టులోనూ ఉప్పు ఉంటుంది, ముందు నానబెట్టి బాగా కడగాలి.

గాలి విషయంలో మన ఎండాకాలం నిజంగానే కఠినం. ఈ మొక్క 50 శాతం పైన తేమ కోరుకుంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో వరంగల్‌లో అది 30 లోపుకు పడిపోతుంది. ఆకుల మీద నీళ్లు చిలకరించడం వల్ల ఒరిగేది తక్కువ, కాసేపట్లో ఆరిపోతుంది. కూలర్ ఉన్న గదిలో పెట్టండి. గాలి నేరుగా తగలకుండా, కూలర్‌కు పక్కగా ఓ మూలన ఉంచండి. గదికి తేమ వస్తుంది, లవణాలు మాత్రం గడ్డి మీదే మిగిలిపోతాయి. ఈ మొక్కకు ఏసీ గది కన్నా కూలర్ గదే నయం. వెలుతురు తూర్పు కిటికీ దగ్గర సరిపోతుంది, పడమటి ఎండ ఒక్క పూట తగిలినా ఆకు రంగు వెలిసిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కిటికీ మూసేయండి, 15 డిగ్రీల కన్నా తగ్గితే ఈ మొక్క ముడుచుకుపోతుంది.

పొడి వేడిలో ఎర్రనల్లి అనే, ఆకు రసం పీల్చే సన్న పురుగు కూడా వస్తుంది. ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నని బూజు, పైన సూదితో గుచ్చినట్టు పాలిపోయిన చుక్కలు కనిపిస్తే, అడుగు భాగాన్ని తడిగుడ్డతో తుడవండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్ది చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. వారం తర్వాత మళ్లీ.

మాడిన అంచులు తిరిగి పచ్చబడవు. చూడటానికి ఇబ్బందిగా ఉంటే గోధుమరంగు భాగం వరకే, ఆకు ఆకారంలో కత్తిరించండి. సగం కన్నా ఎక్కువ పచ్చగా ఉన్న ఆకును పూర్తిగా తీసేయకండి, దాని ఆహారం అక్కడే తయారవుతుంది. రాత్రి పూట ఆకులు పైకి లేచి నిలబడుతున్నాయేమో కూడా గమనించండి. లేస్తుంటే మొక్కలో ఇంకా సత్తువ ఉన్నట్టే. ఎరువు అంటారా, వానాకాలంలో కొత్త ఆకు విచ్చుకున్నాక నెలకొకసారి, లీటరుకు ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) చాలు.

బోరు తప్ప మరో నీరు లేని ఇల్లయితే కలాథియాతో యుద్ధం ఎందుకు? అగ్లోనిమా, జెడ్‌జెడ్ మొక్క, మనీప్లాంట్ ఆ నీటిని దీనికన్నా బాగా ఓర్చుకుంటాయి. కాకపోతే ఆ మూడింటి ఆకులూ నమిలితే నోరు మండుతుంది. కలాథియాకు విషం లేదు. పాకే పిల్లలో, పిల్లులో ఉన్న ఇంట్లో ఆ మూడింటినీ అందని ఎత్తులో పెట్టండి.