టెక్ సందేహాలు: ఆ చక్రం ఎప్పుడు ఆగుతుందో కంప్యూటర్‌కీ తెలియదు

ప్రశ్న: అన్నా, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఎక్సెల్‌లో లక్ష వరసల షీటును ఇంకో లక్ష వరసల షీటుతో వీలుకప్ (ఒక షీటులోని నంబరును ఇంకో షీటులో వెతికి పెట్టే ఫార్ములా) పెట్టి పోల్చాలి. ఎంటర్ కొట్టగానే తెర తెల్లబడి, చక్రం తిరుగుతూ 'నాట్ రెస్పాండింగ్' అంటుంది. మొన్న ఇరవై నిమిషాలు చూసి విసుగొచ్చి మూసేస్తే, ఇంకో ఐదు నిమిషాలు ఆగితే అయిపోయేదిగా అని రూమ్‌మేట్ తిట్టాడు. ఇరుక్కుందో పని చేస్తోందో ఆమాత్రం దానికే తెలియదా?

జవాబు: తెలియదు తమ్ముడూ. 'నాట్ రెస్పాండింగ్' అంటే విండోస్ నాడి పట్టుకుని చూసి రోగం చెప్పిందని కాదు. నీ క్లిక్కులకీ కీబోర్డుకీ ఆ ప్రోగ్రాం 5 సెకన్లు పలక్కపోతే ఆ బోర్డు తగిలించేస్తుంది, అంతే. లోపల పని సగం అయిందా, గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతోందా అన్నది దానికి అంతుపట్టదు.

ఇది విండోస్ చేతకానితనం కూడా కాదు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా ఆగుతుందో ఆగదో తప్పు లేకుండా చెప్పడం కుదరదని ఇంగ్లండ్ గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు, అప్పటికి మనం వాడే ఈ కంప్యూటర్లు పుట్టనే లేదు. వాదన ఒక టీ తాగేలోపు చెప్పేయొచ్చు. ప్రోగ్రాముల జాతకం చెప్పే జ్యోతిష్యుడి లాంటి ప్రోగ్రాం ఒకటి ఉందనుకో. నేనొక పెంకి ప్రోగ్రాం రాస్తాను. అది నేరుగా వెళ్లి తన జాతకమే అడుగుతుంది, 'ఆగుతావు' అంటే ఆగకుండా తిరుగుతూ కూర్చుంటుంది, 'ఆగవు' అంటే ఠక్కున ఆగిపోతుంది. జ్యోతిష్యుడు ఏది చెప్పినా తప్పే. కాబట్టి అలాంటి జ్యోతిష్యుణ్ణి ఎవరూ తయారుచేయలేరు, ర్యామ్ ఎంత పెంచినా సరే.

పెంకివి వదిలెయ్, మామూలు ప్రోగ్రాములకైనా చెప్పొచ్చుగా అంటావేమో. చాలావాటికి చెప్పొచ్చు, కానీ ఈ చిన్నదాన్ని చూడు. ఒక సంఖ్య తీసుకో, సరి అయితే సగం చెయ్, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలుపు, 1 వచ్చేదాకా ఇదే పని. 6తో మొదలెడితే 3, 10, 5, 16, 8, 4, 2, 1, ఎనిమిది అడుగుల్లో అయిపోయింది. 27తో మొదలెడితే 9232 దాకా ఎగిరి, 111 అడుగులు వేస్తే గానీ 1కి దిగిరాదు. ఏ సంఖ్య ఇచ్చినా ఇది ఆగి తీరుతుందని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. ప్రోగ్రాంగా రాస్తే నాలుగైదు లైన్లు!

నీ ఎక్సెల్‌ది మాత్రం ఆ జబ్బు కాదు. అది ఆగుతుంది, పనే కొండంత ఉంది. ఒక్కో నంబరు కోసం రెండో షీటు పైనుంచి కిందిదాకా వెతుక్కుంటూ పోతుంది కాబట్టి ఖర్మ కాలితే లక్ష సార్లు లక్ష, అంటే 1000 కోట్ల పోలికలు. కొత్త ఎక్సెల్ ఈ విషయంలో కాస్త నయం. పాతదే వాడుతుంటే రెండో షీటును నంబర్లు వెతికే కాలమ్ ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదానికి సార్ట్ చేసి, ఫార్ములా చివర ఫాల్స్ బదులు ట్రూ పెట్టు. అప్పుడు ప్రతిసారీ సగం షీటు పక్కన పడేసుకుంటూ వెతుకుతుంది, నంబరుకు 17 పోలికల్లో తేలిపోతుంది, మొత్తం మీద 17 లక్షలు. ఒక మెలిక ఉంది: నంబరు అసలు లేకపోతే లేదని చెప్పకుండా దానికంటే చిన్నదాని జవాబు తెచ్చి అంటగడుతుంది, అందుకని దొరికింది మనం అడిగినదేనా అని ఇఫ్ పెట్టి చూసుకోవాలి. ఎంతసేపు ఆగాలో తెలియాలంటే పాత పద్ధతిలోనే రెండు షీట్లూ వెయ్యి వరసలకు కుదించి టైమ్ చూడు. వరసలు పదింతలైన ప్రతిసారీ టైమ్ వందింతలు వేసుకో.

ప్రశ్న: ఏఈసీఎస్ లేఅవుట్‌లో ఇంట్లోనే వండి మధ్యాహ్నం 20 చోట్లకు క్యారేజీలు పంపుతాం. ఫోన్‌లో మ్యాప్ మేం ఇచ్చిన వరసలోనే తిప్పుతుంది. అన్నిట్లోకీ దగ్గర దారి చెప్పేది లేదా తమ్ముడూ?

జవాబు: అక్కా, అన్ని వరసలూ వేసి చూసి మంచిది ఎంచుకుందాం అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. సెకనుకు 100 కోట్ల వరసలు చూసే మెషిన్‌కి 12 ఇళ్లయితే అర సెకను, 15 అయితే 22 నిమిషాలు, 18కి 74 రోజులు, మీ 20కి 77 ఏళ్లు. వెయ్యి రెట్లు వేగంగా ఉండేది కొంటే 20 ఇళ్లకు నెలలోపే, కానీ ఇంకో మూడు ఇళ్ల వాళ్లు క్యారేజీ కావాలన్నారంటే మళ్లీ 800 ఏళ్లు దాటిపోతుంది.

అలాగని తూర్పు తిరిగి దండం పెట్టక్కర్లేదు, ఇక్కడ తెలివైన అడ్డదారులున్నాయి. 85,900 చుక్కల్ని కలిపే అన్నిటికంటే పొట్టి దారిని 2006లో కనుక్కున్నారు, అంతకంటే పొట్టిది లేదని తేల్చారు కూడా. ఎన్ని చుక్కలైనా ఇలా త్వరగా తేల్చే పద్ధతి ఉందా లేదా అన్నదే ఇంకా తేలలేదు. దీంతో ముడిపడ్డ పి, ఎన్‌పి ప్రశ్నకు (జవాబు సరైనదేనా అని త్వరగా సరిచూడగలిగే ప్రతి లెక్కకీ జవాబును కూడా త్వరగా కనుక్కోవచ్చా అన్నదే ఆ ప్రశ్న) అమెరికాలోని క్లే సంస్థ 2000లో పెట్టిన 10 లక్షల డాలర్ల బహుమతి అలాగే ఉంది. మీ 20 ఇళ్లకు డెలివరీ వాళ్ల కోసం చేసిన రూట్ ప్లానర్ యాప్ చాలు. అదీ వద్దంటే కాగితం మీద ఇళ్లను చుక్కలుగా పెట్టి దారి గీయండి, గీత ఎక్కడ తనని తానే అడ్డంగా దాటుతుందో అక్కడ విప్పి మళ్లీ కలపండి, దాదాపు ప్రతిసారీ దారి తగ్గుతుంది. పాణత్తూరు అండర్‌పాస్ దగ్గర ట్రాఫిక్ జామ్ మాత్రం కాగితం మీద కనపడదు, ఆ వైపు ఇళ్లన్నీ ఒక్క ట్రిప్పులో కట్టేయండి.

ప్రశ్న: 100 శాతం వైరస్‌లు పట్టే యాంటీవైరస్ ఏది?

జవాబు: లేదు, రాదు. ఏ ప్రోగ్రాం వైరసో ఏది కాదో తప్పు లేకుండా తేల్చే ప్రోగ్రాం రాయలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే చూపించాడు, పైన చెప్పిన పెంకి ప్రోగ్రాం లాంటి కిటుకుతోనే. డబ్బా మీద 100 శాతం అని రాసుంటే ఆ డబ్బా షాపులోనే వదిలేసి, ఆ డబ్బుతో బ్యాకప్‌కి ఒక హార్డ్ డిస్క్ కొనుక్కోండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.