ఆషాఢంలో గోరింటాకు, హిమోగ్లోబిన్ మిషను

ప్రశ్న: "మన దేశంలో బయోమెడికల్ ఇంజినీరింగ్, నానోటెక్నాలజీలో ఇన్ని పరిశోధనలు జరుగుతున్నా, కంపెనీలుగా మారి మార్కెట్లోకి వచ్చేవి ఎందుకింత తక్కువ? నిధుల కొరతా, అనుమతుల ఆలస్యమా?"

ఆ రెండు ఇబ్బందులూ ఉన్నాయి గానీ అసలు జబ్బు వేరే. పరికరం చివరికి ఎవరి చేతికి పోతుందో ఆ మనిషి దగ్గరికి మనవాళ్ళు మొదట పోరు, ఆఖర్న పోతారు. అప్పటికి డబ్బులు అయిపోయి ఉంటాయి. ఇది దగ్గరుండి చూసి చెప్తున్న మాట.

మాది కనిగిరి దగ్గర పల్లె. బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్లు, మానిటర్లు, డయాలసిస్ మిషన్ల మరమ్మతు చూసుకుంటున్నాను. అంతకు ముందు రెండేళ్ళు ఒక స్టార్టప్‌లో చేశాను. పేరు వద్దు. పెట్టినవాళ్ళిద్దరూ పెద్ద సంస్థలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు. తెలివిలోనూ నిజాయితీలోనూ వంక పెట్టడానికి లేదు. సూది గుచ్చకుండా, వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే మిషను వాళ్ళది.

ఇలాంటిది అవసరమా అంటే చాలా అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల లోపుంటే రక్తహీనత, 7 లోపుంటే ప్రాణం మీదికొచ్చే సంగతి. పల్లెల్లో నేను చూసిన చోట్ల దాన్ని కొలిచేది సాహ్లీ గొట్టంతో. గొట్టంలో పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చి అందులో కలుపుతారు. అది గోధుమ రంగుకి తిరిగాక, పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా పోస్తారు. వెలుతురును బట్టీ, చూసే కంటిని బట్టీ అంకె అటూ ఇటూ అవుతుంది. మా మిషను ఆ తిప్పలన్నీ తప్పిస్తుందని నేను మనసారా నమ్మాను. ల్యాబులో వందల వేళ్ళ మీద చూశాం. రక్తపరీక్షతో దగ్గర దగ్గరగా సరిపోయింది. ఆ వేళ్ళు క్యాంపస్ కుర్రాళ్ళవి, ఆఫీసు వాళ్ళవి, సిటీ ఆసుపత్రి స్టాఫువి.

2019 జూలై 9. ప్రతి నెలా తొమ్మిదో తేదీ గర్భిణులకు పరీక్షలు చేసే రోజు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్ళాం. అనుమతులన్నీ తీసుకునే వెళ్ళాం. ముందు మా మిషనుతో చూడాలి, తర్వాత సిస్టరమ్మ సాహ్లీ గొట్టంతో చూడాలి, సాయంత్రం రెండు అంకెలూ పోల్చుకోవాలి. పది గంటలకే ఎండ మండిపోతోంది. బెంచీలు చాలక కొందరు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు.

మొదటామెకి 12.1 వచ్చింది. రెండో ఆమెకి 11.8. మూడో ఆమెకి 12.6. కంపెనీ పెట్టిన ఇద్దరిలో పెద్దాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది. నాలుగో అమ్మాయి. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో, తొలి కాన్పు, ఆషాఢమని పుట్టింటికి వచ్చింది. మిషను 11.9 చూపించింది. నేను రాసుకుంటున్నాను. సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంది నాయనా, అందురికీ పన్నెండే జూపిస్తా ఉండాది? ఈ పిల్లకి పన్నెండా?" అని ఆ అమ్మాయి కింది రెప్పని బొటనవేలితో లాగి చూపించింది. "చూడు. కాయితం మాదిరి ఉండాది."

నిజంగానే కాగితంలా ఉంది. ఎరుపన్నది లేదు. సిస్టరమ్మ సాయంత్రం దాకా ఆగకుండా అక్కడికక్కడే గొట్టం తీసింది. 6.4.

ఆ అమ్మాయి చేతుల వంక అప్పుడు చూశాం. వేళ్ళ కొసలకి టోపీల్లా గోరింటాకు. రెండు మూడు సార్లు పెట్టుకున్నట్టుంది, ఎరుపు ముదిరి గోళ్ళ దగ్గర నల్లగా తిరిగింది. పెద్దాయన బయటికెళ్ళి వరసలో ఉన్నవాళ్ళందరినీ చేతులు చూపించమని అడిగాడు. వేపచెట్టు కింద చేతులన్నీ పైకి లేచాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒక్క చెయ్యి కూడా మామూలుగా లేదు.

"ఆషాడంలో గోరింటాకు బెట్టుకోకుండా ఎవురుంటారు నాయనా!" అంది సిస్టరమ్మ.

జరిగింది ఇదీ. హిమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుతురుని బాగా పీల్చుకుంటుంది. మా మిషను వేల్లోకి పంపే వెలుతుర్లలో అదొకటి. తక్కువ వెలుతురు తిరిగొస్తే రక్తం ఎక్కువుందని లెక్క. ముదిరిన గోరింటాకు కూడా ఆ వెలుతురుని మింగేస్తోంది. మిషనుకి అది రక్తమో రంగో తెలియదు. రక్తం తక్కువున్న మనిషికి ఎక్కువుందని చెప్తోంది. ఏ వైపు తప్పు జరిగితే ప్రాణానికి ముప్పో సరిగ్గా ఆ వైపే. కాలి వేలికి పెడదామంటే కాళ్ళకీ గోరింటాకే. చెవి తమ్మెకి పెడదామంటే క్లిప్పు పట్టలేదు, కమ్మలు అడ్డం.

ఆ అమ్మాయిని అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి పంపించారు. వాళ్ళమ్మ సంచీ సర్దుకుంటూ నన్నే అడిగింది, "మీ మిషను బాగుందనె గదయ్యా, మళ్ళా ఎందుకు పంపిస్తన్నారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అది ట్రయల్ కాబట్టి గొట్టం కూడా టేబుల్ మీద ఉంది. అదే మిషను మార్కెట్లోకి వచ్చేసి ఉంటే గొట్టాన్ని బీరువాలో పెట్టేసేవాళ్ళు. ఆ అమ్మాయి ఐరన్ మాత్రల షీటు పట్టుకుని ఇంటికి పోయేది. ఈ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత వెలుతుర్లు మార్చారు, లెక్కలు మార్చారు. ఫిబ్రవరిలో పొదిలి వైపు తీసుకెళ్ళాం. ఈసారి గోరింటాకు లేదు, పొగాకు ఉంది. పచ్చాకు కోసి కర్రలకి అల్లి, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్‌కి ఎక్కించే రోజులవి. ఆకు అల్లే ఆడవాళ్ళ వేళ్ళకి నల్లటి జిగురు పట్టి ఉంటుంది, సబ్బుతో రుద్దినా ఒకపట్టాన పోదు. మా అమ్మ చేతులు చూస్తూ పెరిగిన నాకే ఆ సంగతి ముందు తట్టలేదు. మళ్ళీ అదే కథ. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఏడాది తిరిగేసరికి కంపెనీ మూతపడింది.

ఇక మీరడిగిన నిధులు, అనుమతుల సంగతి. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వాళ్ళ బిగ్ గ్రాంటు కింద 18 నెలల పనికి 50 లక్షల దాకా ఇస్తారు. మొదలుపెట్టడానికి అది చాలు. వైద్య పరికరాలకి 2017లో నియమాలు చేసి 2018 జనవరి 1 నుంచి అమలు చేశారు. ముప్పును బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. కాగితాల పని ఎక్కువే, కానీ దారి తెలిసిన దారే. విశాఖలో వైద్య పరికరాల తయారీకని మెడ్‌టెక్ జోన్ వచ్చాక కొన్ని పరీక్షలకి ఎక్కడికో పరిగెత్తే బాధ తగ్గింది. మా వాళ్ళ 18 నెలల్లో సింహభాగం ల్యాబులోనే గడిచింది. గోరింటాకు సంగతి మొదటి నెలలో తెలిసుంటే ఆ డబ్బే సరిపోయేదని నా గట్టి నమ్మకం.

కుదిరిన చోట ఎందుకు కుదిరిందో చూడండి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో గుండె కవాటం తయారుచేశారు. ఆ పని నడిపించిన వలియత్తాన్ గారు స్వయంగా గుండె ఆపరేషన్లు చేసే సర్జన్. దిగుమతి కవాటం కొనలేని రోగులు ఆయన కళ్ళ ముందే ఉన్నారు. మొదటి మూడు నమూనాలు నిలబడలేదు. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. టీటీకే కంపెనీ వాళ్ళు తయారీకి తీసుకున్నారు. ఇప్పటికి లక్షకు పైగా అమర్చారు. మూడుసార్లు పోయినా మళ్ళీ చేశారంటే, చేసేవాళ్ళూ వాడేవాళ్ళూ ఒకే సంస్థలో ఉండబట్టే.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి సంగతీ అంతే. క్షిపణికి వాడే తేలికైన కాంపోజిట్ పదార్థాన్ని ఒక ఎముకల డాక్టరు గారు చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని నేరుగా వార్డుకి తీసుకెళ్ళారు. అక్కడ పోలియో పిల్లలు కాలికి ఊతంగా కట్టే, మూడు కిలోల పైబడ్డ ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. ల్యాబులో ఉన్న మనిషిని వార్డుకి చెయ్యిపట్టి తీసుకెళ్ళేవాళ్ళు ఉండాలి. మన దగ్గర కరువు అదే.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. అమ్మిన తర్వాత ఎవరూ రారు. ఒక పీహెచ్‌సీలో పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మరు ఎనిమిది నెలలుగా మూలన పడి ఉంటే చూశాను. విప్పి చూస్తే పోయింది ఫ్యూజు. నలభై రూపాయలు. కంపెనీకి ఫోన్ చేస్తే ఇంజినీరు వేరే రాష్ట్రం నుంచి రావాలట, రానూపోనూ ఖర్చు ఆసుపత్రే పెట్టుకోవాలట. అందుకే సిస్టర్లు కొత్త మిషనంటే భయపడతారు. చెడిపోతే రిజిస్టరులో వాళ్ళ పేరు పడుతుంది మరి. వాళ్ళది మొండితనం అని రాసేవాళ్ళు ఒక్క వారం ఆ కుర్చీలో కూర్చుని చూడాలి. టెండర్ల సంగతీ ఇంతే. స్టార్టప్‌లకి పాత టర్నోవరు, అనుభవం అడగొద్దని కేంద్రం 2016లోనే సడలింపు ఇచ్చినా, మేం వెళ్ళిన ఒక ఆఫీసులో మూడేళ్ళ టర్నోవరు కాగితం లేకుండా ఫైలు ముట్టుకోలేదు.

'నానో' అన్న మాటకి మా వైపు పట్టిన గతి ఇంకా ఘోరం. మా మామగారిది కోవూరు పక్క, వరి సాగు. యూరియా కట్ట కావాలంటే నానో యూరియా సీసా కూడా తీసుకోవాల్సిందేనని డీలరు అంటగట్టాడు. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. వద్దన్నా అంటగట్టేసరికి, ఇప్పుడాయనకి నానో అంటే మోసం అనే అర్థం. రేపు నానో పేరుతో నిజమైన మందు తెచ్చినా ఆయన నమ్మడు.

అసలు గెలిచిన నానో ఎక్కడుందో కూడా నేను చూసింది ఆ ఉదయగిరి టేబుల్ మీదే. ఆ మధ్యాహ్నం మా మిషను పెట్టెలో సర్దేసి కూర్చున్నాం. ఒకామె నెల తప్పిందని వచ్చింది. సిస్టరమ్మ చిన్న కవరు చింపి ప్రెగ్నెన్సీ కిట్టు తీసి, మూడు చుక్కలు వేసి పక్కన పెట్టి, తన పని తను చేసుకుంటోంది. ఐదు నిమిషాలకి రెండు ఎర్ర గీతలు. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయన పీహెచ్‌డీ బంగారు నానో కణాల మీదే. ఇలాంటి కిట్లలో ఆ గీతకి ఎరుపు వచ్చేది చాలావరకు వాటివల్లే. బంగారం అంత సన్నని కణాలైతే పసుపు పోయి ఎర్రగా కనిపిస్తుంది.

"అమ్మా, ఈ ఎరుపు బంగారానిది" అన్నాడు.

సిస్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి ఆ గీతని ఒకసారి చూసింది. "బంగారమా? మరి దీనికి చార్జింగు అక్కర్లేదు, కరెంటు పోయినా చెప్తది. రక్తానికి గూడా ఇట్టాంటిది జేసుకురా నాయనా" అంది.

మీరు ఇలాంటి పనిలో ఉండి ఈ ప్రశ్న అడిగి ఉంటే, గ్రాంటుకి దరఖాస్తు రాయకముందే ఒక పీహెచ్‌సీకి వెళ్ళండి. మెడికల్ ఆఫీసరు గారి అనుమతి తీసుకుని, నెల తొమ్మిదో తేదీన, మిషను లేకుండా ఖాళీ చేతులతో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సిస్టరమ్మ పక్కన కూర్చోండి. ఆషాఢంలో ఒకసారి వెళ్ళండి. పొగాకు కోతల్లో ఇంకోసారి, పొదిలి వైపో కనిగిరి వైపో వెళ్ళండి.