రొరైమా కొండ పైభాగం బల్లలా చదునుగా ఎందుకుంటుంది?

వెనెజులా, గయానా, బ్రెజిల్ సరిహద్దులు కలిసేది ఈ కొండ మీదే. ఎత్తు సుమారు 2,810 మీటర్లు. ఒకప్పుడు అక్కడంతా పెద్ద ఇసుకరాయి పీఠభూమి. వందల కోట్ల ఏళ్లనాటి ఆ రాతి పగుళ్లలోకి నీళ్లు దిగి చుట్టూ కోసేస్తే మిగిలిన ముక్క ఇది. అందుకే పైన చదును, అంచుల్లో నిట్టనిలువు గోడలు.

పైన దాదాపు రోజూ వానే. సారమంతా కొట్టుకుపోతుంది కాబట్టి కొన్ని మొక్కలు పురుగుల్ని తిని బతుకుతాయి. నాకు ముచ్చటేసేది మాత్రం అక్కడి చిట్టి నల్లకప్ప. రెండు సెంటీమీటర్లుంటుందేమో, పొట్ట పసుపు; పాపం గెంతడం రాదు, తడిరాళ్ల మీద మెల్లగా నడుస్తుంది.

స్థానిక పెమోన్ ప్రజల కథలో ఇది కొండ కాదు, మొద్దు. అన్ని రకాల పళ్లూ కాసే మహావృక్షాన్ని నరికితే వరద ముంచెత్తిందట. బయటివాళ్లు శిఖరం చేరింది 1884లో. ఇప్పుడు గైడ్లతో ట్రెక్కింగ్‌కి వెళ్తుంటారు.